క్రీముల్లో కలిపే ఎమల్సిఫైయర్లు చర్మానికి చేటు చేస్తాయా?

దేవరకొండ నుంచి ఒక చెల్లె అడిగిన ప్రశ్న ఇది. ఆమెకు ఎనిమిది నెలల బాబు. ఒళ్లంతా పొడిబారి, మోచేతుల మడతల్లో, బుగ్గల మీద ఎర్రగా, గరుకుగా తేలింది. ఆ చెల్లె వాళ్లమ్మ నాట్లకు పోతుంది. మడమలు పగిలి ఒక్కోసారి నెత్తురు కూడా వస్తోంది. ఇద్దరికీ ఒకే క్రీము డబ్బా వాడుతున్నారు. ఈమధ్య ఫోన్‌లో ఒక వీడియో చూసిందట. క్రీముల్లో నూనె, నీళ్లు విడిపోకుండా పట్టి ఉంచే ఎమల్సిఫైయర్లు గిన్నెలు తోమే సబ్బులాంటివని, చర్మంలో ఉన్న నూనెనంతా కడిగేస్తాయని, క్యాన్సర్ కూడా తెస్తాయని అందులో చెప్పారు. డబ్బా వెనక చూస్తే నిజంగానే గ్లిసరిల్ స్టియరేట్, పెగ్-100 స్టియరేట్ అని ఉంది. "టెన్షన్‌గా ఉంది అక్కా, డబ్బా పారేయాలా? ఎమల్సిఫైయర్ లేకుండా తేనెమైనం, కొబ్బరినూనె, కలబంద కలిపి ఇంట్లోనే చేసుకోవచ్చా?" అని అడుగుతోంది.

సూటిగా చెప్తాను. డబ్బా పారేయక్కర్లేదు. మీరు రాసిన ఆ రెండూ, క్రీముల్లో కలిపే మోతాదులో, బాగున్న చర్మానికి హాని చేసేవి కావు. వాటి వల్ల క్యాన్సర్ వస్తుందని భయపడాల్సిన పని లేదు. అయితే బాబుకు ఎర్రబడిన చోట మాత్రం ఆ క్రీము ఆపండి. అక్కడికి అసలు నీళ్లే లేని మందపాటి లేపనం మేలు. ఇక ఇంట్లో కలబందతో క్రీము చేయడం మాత్రం వద్దు. ఈ మూడింటికీ కారణాలు కింద రాస్తున్నాను, పొడుగైనా ఓపికగా చదవండి.

నేను బి.ఫార్మసీ చదివాను. జడ్చర్ల వైపు ఒక ఫ్యాక్టరీలో ఆయింట్‌మెంట్ సెక్షన్‌లో తొమ్మిదేళ్లు పనిచేశాను. ఇప్పుడు నల్గొండలో లైసెన్సు తీసుకుని చిన్న యూనిట్ నడుపుతున్నాను. రోజూ నా చేతుల మీదుగా పోయే సరుకు గురించే చెప్తున్నాను.

ముందు అసలు ఎమల్సిఫైయర్ ఏం చేస్తుందో చూద్దాం. చల్ల చిలికే ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. పాలల్లో వెన్న ఎక్కడికీ పోదు, కంటికి కనిపించని చిన్న చిన్న బొట్లుగా నీళ్లలోనే ఉంటుంది. ఒక్కో బొట్టు చుట్టూ మాంసకృత్తులు, లెసిథిన్‌లాంటి కొవ్వులు కలిసిన పలచని పొర ఉంటుంది. ఆ పొర ఉన్నంతసేపు బొట్లు ఒకదానితో ఒకటి కలవవు. పెరుగులో కవ్వం పెట్టి చిలికితే పొర చిట్లుతుంది, బొట్లు అతుక్కుంటాయి, వెన్న ముద్దగా తేలుతుంది. క్రీము చేయడం దీనికి సరిగ్గా ఎదురు పని. నూనెను బొట్లుగా విడగొట్టి, ప్రతి బొట్టుకూ పొర తొడగాలి. ఆ పొరే ఎమల్సిఫైయర్. దాని అణువుకు ఒక కొస నీళ్లను ఇష్టపడుతుంది, ఇంకో కొస నూనెను ఇష్టపడుతుంది. అందుకే అది రెండింటి మధ్య గట్టు మీద కూర్చుంటుంది.

మా యూనిట్‌లో రెండు స్టీలు గిన్నెలు పెడతాం. ఒకదాంట్లో నీళ్లు, గ్లిసరిన్. ఇంకోదాంట్లో నూనె, మైనం, ఎమల్సిఫైయర్లు. రెండింటినీ 70 నుంచి 75 డిగ్రీల దాకా వేడిచేస్తాం. ఆ వేడికి నూనె గిన్నె కరిగిన నెయ్యిలా తేటగా ఉంటుంది, నీళ్ల గిన్నె ఎలాగూ తేటే. ఒకదాంట్లో ఒకటి పోసి మిషన్ తిప్పగానే కళ్ల ముందే పాలలా తెల్లబడుతుంది. తెల్లరంగు ఎవరూ కలపలేదు. కోట్లకొద్దీ బొట్లు వెలుతురును చెదరగొట్టడం వల్ల వచ్చిన తెలుపు అది. ఇన్నేళ్లయినా ఆ క్షణం కోసం నేను పని ఆపి నిలబడి చూస్తాను. తర్వాత మెల్లగా తిప్పుతూ చల్లారుస్తాం. 40 డిగ్రీలకు దిగాక, వేడికి తట్టుకోలేని సువాసనలాంటివి కలుపుతాం.

ఎమల్సిఫైయర్ లేకుండా ఇదే పని చేస్తే పది నిమిషాల్లో నూనె పైకి, నీళ్లు కిందికి. అంటే "ఎమల్సిఫైయర్ లేని క్రీము" అని ఎవరైనా అమ్ముతుంటే రెండే దారులు. ఒకటి, అందులో నీళ్లే లేవు, అది క్రీము కాదు, లేపనం. రెండోది, ఎమల్సిఫైయర్ వేరే పేరుతో ఉంది. మీగడలాంటి తెల్లటి క్రీము, వెనక "ఎమల్సిఫైయర్ లేదు" అని ముద్ర, పదార్థాల్లో చూస్తే లెసిథిన్! అది గుడ్డు సొనలో, సోయాలో ఉండే ఎమల్సిఫైయరే.

మీ డబ్బా మీద ఒకటి కాకుండా రెండు పేర్లు ఎందుకున్నాయో చెప్తాను. 1949లో గ్రిఫిన్ అనే రసాయన శాస్త్రవేత్త ఎమల్సిఫైయర్లకు ఒక కొలమానం పెట్టాడు, దాన్నే హెచ్ఎల్‌బి అంటాం. అంకె చిన్నదైతే నూనె వైపు మొగ్గు, పెద్దదైతే నీళ్ల వైపు. గ్లిసరిల్ మోనోస్టియరేట్‌ది (మీ డబ్బా మీద గ్లిసరిల్ స్టియరేట్ అని ఉన్నది ఇదే) 4 లోపు, పెగ్-100 స్టియరేట్‌ది 19 దగ్గర. ఒకటి అటు, ఒకటి ఇటు లాగి పట్టుకుంటేనే పొర గట్టిగా ఉంటుంది. ఈ జోడీ మా పనిలో అన్నం పప్పులాంటిది, ఎక్కడ చూసినా ఉంటుంది. మామూలు క్రీములో రెండూ కలిపి నూటికి రెండు నుంచి ఐదు పాళ్లు. అంటే 50 గ్రాముల డబ్బాలో ఒకటి నుంచి రెండున్నర గ్రాములు. గ్లిసరిల్ మోనోస్టియరేట్ బ్రెడ్డులో, ఐస్‌క్రీములో కూడా వేస్తారు. బాబుకు పూసేది పక్కన పెడితే, పెద్దవాళ్లం మనం దాన్ని తింటూనే ఉన్నాం.

ఇప్పుడు గిన్నెల సబ్బు సంగతి. వీడియోలో చెప్పింది సగం నిజం. సబ్బు, ఎమల్సిఫైయర్ ఒకే వంశం, రెండింటికీ ఆ రెండు కొసలు ఉంటాయి. కానీ ఒకే వంశంలో అందరూ ఒకేలా ఉండరు కదా. మన చర్మం పైపొరలో కణాల మధ్య సిరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు ఇటుకల మధ్య సిమెంటులా ఉంటాయి. సోడియం లారిల్ సల్ఫేట్ లాంటి, రుణావేశం (అంటే నెగటివ్ చార్జి) ఉన్న చిన్న అణువులు ఆ సిమెంటులోకి దూరతాయి, చర్మపు ప్రొటీన్లను ఉబ్బిస్తాయి, మంట పెడతాయి. ల్యాబుల్లో చర్మానికి కావాలని మంట తెప్పించి పరీక్షలు చేయాలంటే వాడేది దాన్నే. పెగ్-100 స్టియరేట్ లాంటివి ఆవేశం లేనివి, అణువులు పెద్దవి. నూనె బొట్టు చుట్టూ ఉండిపోతాయి తప్ప చర్మంలోకి అంత తేలిగ్గా దూరవు.

కాబట్టి అడగాల్సింది "ఎమల్సిఫైయర్ ఉందా" అని కాదు. ఏది ఉంది, ఎంత ఉంది, కడిగేసేదా లేక ఒంటి మీద ఉండిపోయేదా, ఎవరి చర్మం మీద అని.

దీనికి మా పనిలో అందరూ చెప్పుకునే ఉదాహరణ బ్రిటన్‌లోని ఆక్వియస్ క్రీము. దశాబ్దాలపాటు అక్కడ డాక్టర్లు పొడిచర్మం పిల్లలకు రాసిన సాదా క్రీము అది. అందులో ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ ఉంటుంది. ఆ వ్యాక్స్‌లో పదో వంతు సోడియం లారిల్ సల్ఫేట్. లెక్కేస్తే క్రీములో నూటికి ఒక పాలు కూడా ఉండదు. అయినా 2010లో బాత్ యూనివర్సిటీ వాళ్లు ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల చర్మం మీద నాలుగు వారాలు పూసి చూస్తే పైపొర పలచబడింది. 2013లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ, ఎగ్జిమా ఉన్న పిల్లలకు దాన్ని పూసి వదిలేస్తే మంట పుట్టవచ్చని హెచ్చరించింది. మందు అనుకుని పూసిందే పుండు మీద కారమైంది.

నాకూ ఒక అనుభవం ఉంది. నాలుగేళ్ల కింద మిర్యాలగూడ నుంచి ఒక తల్లి ఏడాది పాపను తీసుకొచ్చింది. ఎవరో చెప్పారని ఒక క్రీము రోజుకు మూడుసార్లు రాస్తోంది, పూసిన ప్రతిసారీ పాప ఏడుస్తోంది. "మందు పనిచేస్తోంది కాబట్టి మండుతోంది అనుకున్నా మేడం" అంది. డబ్బా తిప్పి చూస్తే, పేర్ల వరుసలో మొదటి ఐదింట్లోనే సోడియం లారిల్ సల్ఫేట్. ఆ క్రీము ఆపించి, తెల్ల పెట్రోలియం జెల్లీ ఒక్కటే రాయమన్నాను, పిల్లల డాక్టరుకు చూపించమన్నాను. పది రోజులకు ఫోన్ చేసింది. ఏడుపు ఆగింది, ఎరుపు సగానికి తగ్గింది. మిగతా సగానికి డాక్టరిచ్చిన మందు వాడాల్సి వచ్చింది. తేమ క్రీము పూస్తే మండకూడదు. మండితే అది మంచి గుర్తు కాదు.

ఆవేశం లేనివి కూడా పూర్తిగా అమాయకమైనవని నేను అనను. అప్పటికే దెబ్బతిన్న చర్మం మీద వాటిలో కొన్ని, చర్మం నుంచి తేమ పోవడాన్ని కొద్దిగా పెంచినట్టు పరిశోధనల్లో కనిపించింది. అందుకే బాబుకు ఎర్రబడిన చోట ఆపమన్నాను. ఆ క్రీము విషం అని కాదు, అక్కడ గోడ కూలి ఉంది.

క్యాన్సర్ భయం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసుకోవాలి. పెగ్ అని మొదలయ్యేవి, "ఎత్-20" అని ముగిసేవి, పాలిసార్బేట్లు, ఈ ఎమల్సిఫైయర్లను తయారుచేసేటప్పుడు ఇథిలీన్ ఆక్సైడ్ అనే గ్యాసు వాడతారు. ఆ క్రమంలో 1,4-డయాక్సేన్ అనే పదార్థం లేశమాత్రంగా మిగలొచ్చు. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో ఉంది, అబద్ధం కాదు. కానీ అది కలిపే పదార్థం కాదు, మిగిలిపోయే మురికి. తయారుచేసేవాళ్లు వ్యాక్యూమ్ పెట్టి లాగేస్తారు. తుది సరుకులో పది లక్షల పాళ్లకు 10 పాళ్లు మించకపోతే భయం లేదని యూరప్ శాస్త్రీయ కమిటీ 2015లో తేల్చింది. న్యూయార్క్ రాష్ట్రం కాస్మెటిక్స్‌కు అదే 10ని చట్టంగా పెట్టింది. నేను ముడిసరుకు కొనేటప్పుడు ప్రతి డ్రమ్ముకూ వచ్చే టెస్ట్ రిపోర్టులో ఆ గీత చూడందే దించుకోను. బిల్లు లేకుండా, రిపోర్టు లేకుండా సగం ధరకు దొరికే ముడిసరుకుతో చేసే పేరూ ఊరూ లేని డబ్బాల గురించి భయపడండి, అది న్యాయమైన భయం.

ఇంకో గందరగోళం కూడా ఉంది. 2015లో ఎలుకలకు నీళ్లలో పాలిసార్బేట్-80 కలిపి తాగిస్తే పేగుల్లో వాపు కనిపించింది. ఆ వార్తనే తిప్పితిప్పి చర్మం వీడియోల్లో వాడుతున్నారు. అది తాగించిన పరిశోధన. పేగు గోడ వేరు, అరచేతి తోలు వేరు.

పెగ్ అనగానే పెట్రోలు గుర్తొచ్చి భయపడేవాళ్లకు ఒక మాట. పెగ్-40 హైడ్రోజినేటెడ్ క్యాస్టర్ ఆయిల్ అని చదివితే అది మన ఆముదమే. పాలమూరు, నల్గొండ ఎర్రనేలల్లో వానకు పండిన ఆముదపు గింజ నుంచి తీసిన నూనెకు ఫ్యాక్టరీలో నీళ్ల కొస తగిలిస్తే అది తయారవుతుంది. మా నాయన ఆముదం వేసిన చెలక గుర్తొస్తుంది నాకు, ఆ పేరు లేబుల్ మీద చూసినప్పుడల్లా.

అలాగని ప్రకృతి నుంచి వచ్చిందంతా మెత్తనిదని కూడా అనుకోవద్దు. లానొలిన్ అంటే గొర్రె ఉన్నిలోని జిడ్డు. చాలా మంచి ఎమల్సిఫైయర్, పగిలిన మడమలకు బాగా పనిచేస్తుంది. కానీ కొందరికి దురద, దద్దుర్లు తెస్తుంది. అమెరికాలో చర్మ అలర్జీ డాక్టర్ల సంఘం 2023లో దాన్నే ఆ ఏటి అలర్జీ పదార్థంగా ప్రకటించింది. గొంగడి కప్పుకుంటే ఒంటికి పడని వాళ్లు మన ఊళ్లలో ఉంటారు. ఆ దురద ఎక్కువగా ఉన్ని పోగు గరుకు వల్ల, జిడ్డు వల్ల కాదు, కాబట్టి రెండింటినీ ఒకటిగా చూడొద్దు. విడిగా పరీక్షించుకోవాలి. మోచేతి లోపలివైపు, రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు, వారం రోజులు పూసి చూడండి. ఏ క్రీముకైనా ఇదే పద్ధతి.

ఇక ఇంట్లో చేసుకోవడం. దీని గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి.

రెండేళ్ల కింద నకిరేకల్ దగ్గర ఒక ఊళ్లో మహిళా సంఘం వాళ్లు పిలిస్తే వెళ్లాను. కలబంద గుజ్జు, కొబ్బరినూనె, తేనెమైనం మిక్సీలో వేసి క్రీము చేశారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. తెల్లారేసరికి గిన్నె అడుగున పచ్చటి నీళ్లు, పైన గట్టి నూనె. తర్వాత ఎవరో సోయా లెసిథిన్ కలపమంటే కలిపారు, ఈసారి విడిపోలేదు, అందరూ సంబరపడ్డారు. తొమ్మిదో రోజు మూత తీస్తే అంచుల్లో బూజు. ఎమల్సిఫైయర్ నీళ్లను పట్టి ఉంచింది, ఆ నీళ్లలో క్రిములు పెరిగాయి. నీళ్లున్న చోట ప్రిజర్వేటివ్ ఉండాల్సిందే. కంటికి బూజు కనిపించిందంటే అది అదృష్టం. బ్యాక్టీరియా అయితే కనిపించదు, వాసన కూడా రాకపోవచ్చు. ఆ క్రీమును నెత్తురు వచ్చే మడమకో, పసిపిల్ల ఎర్రటి బుగ్గకో పూస్తే ఏమవుతుందో ఆలోచించండి.

తేనెమైనంతో క్రీము నిలబడాలంటే వెలిగారం (బోరాక్స్) కలపమని కూడా వీడియోల్లో చెప్తారు. అది నిజంగానే పాత పద్ధతి. రెండో శతాబ్దంలో గాలెన్ అనే వైద్యుడు మైనం, ఆలివ్ నూనె, పన్నీరు (గులాబీ నీళ్లు) కలిపి కోల్డ్ క్రీము చేశాడు, అది త్వరగా విడిపోయేది. తర్వాతి కాలంలో వెలిగారం కలిపారు. మైనంలోని ఆమ్లంతో అది కలిసి అక్కడికక్కడే సబ్బు తయారవుతుంది, ఆ సబ్బే ఎమల్సిఫైయర్. అంటే ఎమల్సిఫైయర్ వద్దనుకుని మళ్లీ దాన్నే ఇంట్లో తయారుచేస్తున్నారన్నమాట. పైగా వెలిగారం పసిపిల్లలకు, పగిలిన చర్మానికి తగదు. కంసాలి పనికి వాడేదాన్ని బాబు ఒంటికి తేవద్దు.

మన నీళ్ల సంగతి ఇంకోటి. యూనిట్ పెట్టిన కొత్తలో ఒకసారి ఆర్.ఓ. మిషన్ చెడిపోయింది. ఒక్క రోజే కదా అని బోరు నీళ్లతో వానిషింగ్ క్రీము చేశాను. స్టియరిక్ ఆమ్లం, కొద్దిగా క్షారం కలిపితే వచ్చే సబ్బే దానికి ఎమల్సిఫైయర్. చల్లారాక వేలితో రుద్ది చూస్తే ఉప్మా రవ్వలా గింజలు గింజలుగా తగిలింది. నల్గొండలో ఏం చెడినా ముందు ఫ్లోరైడ్ మీదికే పోతుంది మనసు. అసలు కారణం ఫ్లోరైడ్ కాదు, నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. బోరు నీళ్లకు సబ్బు నురగ రాకుండా తెల్లటి తెట్టు కట్టినట్టే, క్రీములోని సబ్బూ తెట్టు కట్టింది. నలభై కిలోలు పారబోశాను. ఆవేశం లేని ఎమల్సిఫైయర్లకు ఈ బెడద లేదు, కాల్షియం వాటిని విరగ్గొట్టలేదు. వీడియోలో తిట్టిన పెగ్-100 స్టియరేట్ ఇన్ని కంపెనీల్లో వాడుకలో ఉండటానికి ఇదీ ఒక కారణం.

ఎండాకాలం జాగ్రత్త. చర్మ క్రీములకు భారతీయ ప్రమాణం ఐఎస్ 6608లో 45 డిగ్రీల దగ్గర 48 గంటలు పెట్టి, విడిపోతుందో లేదో చూసే పరీక్ష ఉంది. మే నెలలో మన ఊళ్లలో రేకుల ఇంట్లో, బండి డిక్కీలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. డబ్బా మూత తీయగానే పైన నూనె తేలినా, అడుగున నీళ్లూరినా, రవ్వలా తగిలినా కలిపి వాడొద్దు. పొర తెగిందంటే ప్రిజర్వేటివ్ కూడా ఎక్కడ ఉండాలో అక్కడ ఉండదు.

ఇప్పుడు మీ ఇంటికి వద్దాం, చెల్లె.

బాబుకు: స్నానం గోరువెచ్చని నీళ్లతో, ఐదు నిమిషాలు చాలు. తడి పూర్తిగా ఆరకముందే తెల్ల పెట్రోలియం జెల్లీ పలచగా రాయండి. ఎమల్సిఫైయర్, ప్రిజర్వేటివ్, వాసన ఏవీ ఉండవు అందులో. ఆలివ్ నూనె వద్దు. చర్మపు పొరను బలహీనం చేస్తుందని పెద్దవాళ్ల మీద చేసిన పరీక్షలో తేలింది. బుగ్గల మీద, మడతల్లో వచ్చిన ఎరుపు ఎగ్జిమా కావచ్చు. పిల్లల డాక్టరుకు చూపించండి. మెడికల్ షాపులో అడిగి ఏదో ట్యూబు తెచ్చి రాయొద్దు. చాలా ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుంది, చీటీ లేకుండా పిల్లలకు రాసేది కాదది.

మీ అమ్మకు: ఇప్పుడున్న డబ్బా ఆమెకు నిక్షేపంగా వాడుకోవచ్చు, నెత్తురు వచ్చే పగులు లోపల తప్ప. రాత్రి కాళ్లు కడుక్కుని, పది నిమిషాలు నీళ్లలో నానబెట్టి, తుడిచి, ముందు ఈ క్రీము, దాని మీద పెట్రోలియం జెల్లీ, పైన పాత నూలు సాక్సు. క్రీములోని నీళ్లు, గ్లిసరిన్ లోపలికి తేమనిస్తాయి, పైన జెల్లీ ఆవిరి కాకుండా ఆపుతుంది. నెత్తురు వచ్చే పగులుకు జెల్లీ ఒక్కటే. షుగరు ఉంటే మాత్రం మడమ పగుళ్లను ఇంట్లో చూసుకోవద్దు, ఆసుపత్రికి తీసుకుపోండి.

కొత్త డబ్బా కొనేటప్పుడు వెనక ఇలా చదవండి. పదార్థాలు ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత వరుసలో రాస్తారు. నూటికి ఒక పాలు, అంతకన్నా తక్కువ ఉన్నవి మాత్రం చివర్లో ఎలాగైనా రాయొచ్చు. పూసి వదిలేసే క్రీములో సోడియం లారిల్ సల్ఫేట్ కనిపిస్తే పసిపిల్లలకు తీసుకోకండి. "సెటియరిల్ ఆల్కహాల్", "సెటిల్ ఆల్కహాల్" చూసి మాత్రం భయపడొద్దు. పేరుకు ఆల్కహాలే, కానీ మైనంలాంటి తెల్లటి పలుకులు, చర్మాన్ని ఆరబెట్టవు. తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీదారు చిరునామా లేని డబ్బా ఎంత మంచి వాసన వచ్చినా ఇంటికి తేవద్దు.

మీ డబ్బా వెనక ఇంకేమైనా పేర్లు అర్థం కాకపోతే ఫోటో తీసి ఇక్కడే పెట్టండి. సాయంత్రం యూనిట్ మూసిన తర్వాత చూసి ఒక్కోటి చెప్తాను.